రాసినవాడి పేరు

సోమవారం పొద్దున్న అప్పారావు గారు ఒక మనిషిని వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి తాహిర్ లారీ డోరు మీద సున్న చుడుతున్నాడు. రంగు పట్టిన బ్రష్షు రేకు మీద ఆనిందంటే సున్న పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అందుకే అప్పారావు గారు రెండడుగుల దూరంలో ఆగిపోయారు. సున్న పూర్తయింది. అయినా తాహిర్ తల తిప్పలేదు. ఎడమచేతి కర్రని రేకుకి ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి, అయిపోయిన సున్న లోపలి అంచు వెంబడి, అక్కర్లేకపోయినా, ఇంకోసారి బ్రష్షు తిప్పాడు.

"తాహిర్, ఈయన విశ్వాసం గారు. మన పెంటపాడే. నువ్వెళ్ళాక రాత పని ఈయన చూసుకుంటారు" అన్నారు అప్పారావు గారు.

అప్పుడు తిరిగి చూశాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. షెడ్డు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి వచ్చాడు. మేకులూ రేకుముక్కలూ పడి ఉండే నేల మీద ఒట్టికాళ్ళతో చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ వినయం చూసేసరికి తాహిర్‌కి ఎందుకో ఒళ్ళు మండింది.

"చెప్పులేసుకోండి. ఇదేం గుడీ మసీదూ కాదు. కాళ్ళల్లో మేకులు దిగుతాయి."

"ఆయ్, అలవాటండి. రంగులున్న చోట చెప్పులతో తిరగబుద్ధి కాదండి" అన్నాడు విశ్వాసం.

తాహిర్ బ్రష్షుని కిరసనాయిలు డబ్బాలో ముంచి గుడ్డతో తుడిచాడు. తను పని మానేస్తున్నానని చెప్పిన రోజున అప్పారావు గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. "నీలాంటోణ్ణి నేనెక్కణ్ణించి తేనయ్యా?" అన్నారు. ఆ మాటని తాహిర్ ఇన్నాళ్ళూ బుగ్గన పటికబెల్లం ముక్కలా దాచుకున్నాడు. తను వెళ్ళిపోయాక తాడేపల్లిగూడెం బైపాసు మీద ఈ షెడ్డు ముందు లారీలు బోడి నుదుళ్ళతో బారులు తీరి నిలబడతాయనీ, అప్పారావు గారు ఫోన్ చేసి బతిమాలతారనీ, ఆదివారాలు మాత్రం వస్తానని తను బెట్టు చేస్తూ చెప్పాలనీ అనుకున్నాడు. బెట్టు ఎంతవరకు చెయ్యాలో కూడా అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, తను ఇంకా గడప దాటకుండానే ఆ చోట్లో నిలబడడానికి మనిషి వచ్చేశాడు.

"ఇదివరకు ఏ షెడ్డులో చేశారు?"

"షెడ్డులో కాదండి. గోడలు రాసేవాణ్ణి. విత్తనాలు, ఎరువులు, ఎలక్షన్లు, మా చర్చిలో వాక్యాలూ... ఫ్లెక్సీలొచ్చాక ఆ పని పోయిందండి. రైసుమిల్లులో వాచ్‌మన్‌గా ఉంటన్నాను."

"గోడలా!" అన్నాడు తాహిర్. ప్రాణం కొంచెం కుదుటపడింది. సున్నం గోడ మీద రాసేవాడికి రేకు మీద ఎనామెల్ ఎలా జారుతుందో ఏం తెలుస్తుంది? మూలనున్న ఎమెరీ కాగితాల కట్ట తీసి విశ్వాసం చేతికిచ్చాడు. "ముందు ఆ లారీ వెనక తలుపు రుద్దండి. పుట్టీ పెట్టి ఉంది. చెయ్యి వేస్తే అద్దంలా తగలాలి."

అది కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పే పని.  అయినా విశ్వాసం కాగితాన్ని నీళ్ళలో తడిపి, ఒక చెక్కముక్కకి చుట్టి, తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ వరకూ సరసర రుద్దుతూనే ఉన్నాడు. మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని అరచేత్తో రేకుని తడిమి చూసుకున్నాడు. ఆ తడమడం చూడకుండా ఉందామని తాహిర్ ఎంత అనుకున్నా కళ్ళు అటే పోయాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సాబిరా వంట సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఐదో నెల కావడంతో వంగినప్పుడల్లా ఒక చెయ్యి నడుము మీద ఉంటోంది. నాలుగేళ్ళ ఆలియా ఖాళీ పెట్టెలో కూర్చుని, అది పడవట, తెడ్డు వేస్తోంది.

"బరువులెత్తకు, నేను కడతా అన్నారుగా. పొద్దుటి నించీ ఎదురుచూస్తున్నాను" అంది సాబిరా.

"షెడ్డులో ఆలస్యమైంది. కొత్తాయన వచ్చాడు."

"దొరికారా? పోనీలెండి, అప్పారావు గారికి బెంగ తీరింది."

"ఏం దొరకడం! గోడలు రాసుకునే మనిషి. పెద్దపెద్ద అక్షరాలు రాసేసి, తట్టెడు సున్నం పులిమేసేవాడు. లారీ పనంటే అదా?" చేతులు కడుక్కుంటూ తాహిర్ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పులు విడిచిన సంగతి, చేతులు కట్టుకున్న సంగతి, కళ్ళు మూసుకుని రేకుని తడిమిన సంగతి. అన్నం తింటూ చెప్పాడు. పెట్టెలకి తాడు బిగిస్తూ చెప్పాడు.

సాబిరా ఒక గ్లాసుని పాత పేపర్లో చుడుతూ ఆగి నవ్వింది. "ఏవండీ, మీ మాటలు వింటుంటే ఇంట్లోకి సవతి వచ్చినట్టుంది."

"నాకేంటి సవతి? నేను వదిలేసిన పని అది."

"అందుకే అంటున్నాను."

తాహిర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. సాబిరాకి టీచరు ఉద్యోగం వచ్చి, మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో పోస్టింగ్ పడ్డప్పటి నుంచి ఆమె చీకటితో లేచి భీమవరం బస్సెక్కి, అక్కణ్ణుంచి రైలు పట్టుకుని వెళ్ళొస్తోంది. మొన్న భీమవరం స్టేషన్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంక ప్రయాణాలు కుదరవని డాక్టరమ్మ చెప్పింది. 'నువ్వు మానొద్దు, నేను మానేస్తాను' అన్నది తాహిరే. ఆమె అడగలేదు. చుట్టాలందరూ అతన్ని మెచ్చుకున్నారు. అత్తగారైతే అల్లుడంటే ఇలా ఉండాలని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. మెచ్చుకున్నాక ఇంక ఏడవడానికి కూడా వీల్లేదు. సాబిరా స్కూలు పిల్లలు ఆమెని మేడమ్ అంటారు. అతనికి అక్కడ చేపల మేత డిపోలో బస్తాలు చూసుకునే పని కుదిరింది. "అక్కడ పడవలు ఉంటాయిగా, వాటికి రంగులేస్తారేమో" అని ఒకసారి సాబిరా ఆశగా అంటే, "దోనెలకి తారు పూస్తారు. తారుకి అక్షరాలెందుకు?" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మంగళవారం రత్నమాణిక్యం గారు ఆకివీడు నుంచి కారులో వచ్చింది. భర్త పోయాక చేపల లారీలు తనే నడుపుకొస్తున్న మనిషి. కొత్త లారీ బాడీ చుట్టూ ఒకసారి తిరిగి, టైర్ల దగ్గర వంగి చూసి, కుర్చీలో కూర్చుంది.

"గురువారం మధ్యాహ్నానికి బండి నాకు కావాలి అప్పారావు గారూ. సాయంత్రం చేపల లోడు ఉంది. ముందు బోర్డు మీద శ్రీ పెద్దింట్లమ్మ అని రాయించండి. వెనక తలుపు మీద పెద్దింట్లమ్మ తల్లి దీవెన అని. కింద ఒక తామరపువ్వు. తాహిర్ చేతి రాతే కావాలి నాకు. మా పాత రెండు బళ్ళూ అతనే రాశాడు, అమ్మవారి దయ వల్ల ఇంతవరకూ గీత పడలేదు."

తాహిర్ ఛాతీ విప్పారింది. అమ్మవారి కళ తన చేతిలో ఉందని అనేసింది ఆవిడ, అదీ విశ్వాసం వింటుండగా! అటు చూశాడు. విశ్వాసం తామరపువ్వు ఎక్కడ వస్తుందా అన్నట్టు తలుపు కింది భాగం చూస్తున్నాడు.

ఆవిడ వెళ్ళగానే అప్పారావు గారు పని పంచేశారు. "రెండు రోజుల్లో ఒక్కడి వల్ల కాదు. ముందు బోర్డూ పక్కలూ నువ్వు రాయి తాహిర్. వెనక తలుపు విశ్వాసం గారు రాస్తారు."

"ఆవిడ నా చేతి రాత అడిగింది."

"నువ్వు దగ్గరుండి చూసుకుంటావుగా. రేప్పొద్దున నువ్వు లేనప్పుడు ఆయనే కదయ్యా రాయాలి!"

నువ్వు లేనప్పుడు అన్న మాట అప్పారావు గారు మామూలుగానే అన్నారు. తాహిర్ చెవుల్లో మాత్రం అది రేకు మీద సుత్తిదెబ్బలా మోగింది.

పెద్దింట్లమ్మ అని రాయడం మాటలు కాదు. ద కింద ద, ట కింద ల, మ కింద మ. పై వరసలో ఎన్ని అక్షరాలో కిందా ఇంచుమించు అన్ని ఒత్తులు. ముందు బోర్డు వెడల్పు జానెడే. తాహిర్ నిచ్చెనెక్కి, సుద్దదారం లాగి గీతలు కొట్టుకుని, మొదట శ్రీ తీసుకున్నాడు. బ్రష్షు నిండా పసుపు ముంచి, శ మీంచి దిగి, గుడిదీర్ఘం కట్టి, కిందున్న రావత్తుని ఎడమవైపుగా లాగి, అక్షరం చుట్టూ నాగుపాములా ఒకే ఊపిరిలో తిప్పి పైకి తెచ్చాడు. ఆ తిప్పు అతనికి ఎవరూ నేర్పలేదు. తర్వాత ప్రతి అక్షరానికీ ఎర్ర షేడు, దాని వెనక నల్ల షేడు, మీద తెల్ల మెరుపు గీత. మధ్యాహ్నం ఎండలో చెమట కళ్ళలోకి కారుతున్నా దిగలేదు.

కింద అలికిడైంది. విశ్వాసం కింద నిలబడి ఉన్నాడు. "తాహిర్ గారూ, ఒక మాటండి. గోడైతే రంగు పీల్చుకుంటది. రేకుముక్క మీద గీసి చూస్తే ఎండకి అంచులు లాగేస్తన్నాయండి. మీరు ఏమైనా కలుపుతారా?"

తాహిర్ ఎనామెల్‌లో నాలుగు చుక్కల అవిసె నూనె కలుపుతాడు. బ్రష్షు వెన్నలా జారుతుంది. ఆ సీసా అతని కాలి పక్కనే, నిచ్చెన మెట్టు మీద ఉంది.

"ఏం కలపను. డబ్బాలోది డబ్బాలోదే" అన్నాడు.

విశ్వాసం సీసా వంక చూడలేదు. "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయాడు. వెళ్ళి ఒక తడి గోనెపట్టా తలుపుకి అడ్డంగా కట్టి, దాని నీడలో కూర్చుని సుద్దముక్కతో కొలతలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తాహిర్‌కి అబద్ధమాడిన సిగ్గు కంటే, ఆ మనిషి రెండోసారి అడగకుండా పోయాడన్న ఉక్రోషమే ఎక్కువగా ఉంది. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చెప్పేవాడు కాదని అతనికి తెలుసు.

బుధవారం విశ్వాసం తెల్లారగట్లే వచ్చి చల్లపొద్దునే తలుపు రాయడం మొదలుపెట్టాడట. తాహిర్ వచ్చేసరికి పై వరస అయిపోయింది. దగ్గరికెళ్ళి చూశాడు. షేడ్లు లేవు, మెరుపులు లేవు. లావుపాటి తెల్ల అక్షరాలు, ఒక పక్కన సన్నని నీలం నీడ. అంతే. తాహిర్ పెదవి విరిచాడు. "బోసిగా ఉంది" అన్నాడు.

"ఉంటదండి, నాకు నగలు పెట్టడం రాదు" అన్నాడు విశ్వాసం. ముఖంలో ఎక్కడా నొప్పి లేదు. "రంగు మాత్రం బాగా జారిందండి ఇయ్యాల. నిన్న మీ నిచ్చెన దగ్గర అవిసె నూనె వాసనొచ్చింది. మా ఇంటిదాన్ని పంపి కొనిపించాను."

తాహిర్ చెవులు వేడెక్కాయి. "నిన్న తొందరలో ఏదో అన్నాను" అన్నాడు.

"పర్లేదండి. నేనైనా అడక్కూడదు. ఎవరి కిటుకు వాళ్ళది" అని విశ్వాసం మళ్ళీ తలుపు వైపు తిరిగాడు.

పదింటికి తాహిర్ టీ తాగడానికి బైపాసు దాటి అవతలి కొట్టుకి వెళ్ళాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని, అలవాటుగా, తన పని ఎలా కనబడుతోందో చూసుకోవడానికి షెడ్డు వైపు తిరిగాడు. లారీని కాస్త అడ్డంగా నిలబెట్టారు. అటు పదడుగులు వేస్తే ముందు బోర్డు, ఇటు పదడుగులు వేస్తే వెనక తలుపు, రెండూ ఓరగా కనబడుతున్నాయి.

ముందు బోర్డు మీద శ్రీ ఒక్కటే వెలుగుతోంది. తర్వాత పెద్దింట్లమ్మ అంతా పసుపూ ఎరుపూ నలుపూ కలిసిపోయి, ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, జాతరలో జనంలా ఉంది. రాసింది తను కాబట్టి చదవగలుగుతున్నాడు. వెనక తలుపు మీద మాత్రం పెద్దింట్లమ్మ తల్లి దీవెన అని రోడ్డవతలి నుంచి, మధ్యలో బస్సులు పోతున్నా, పిలిచినట్టుగా వినబడుతోంది. ప్రతి ఒత్తూ తన అక్షరం కింద, బిడ్డ తల్లి కొంగు పట్టుకున్నట్టు, దాని చోట అది నిలబడి ఉంది. అక్షరాల మధ్య ఖాళీ ఎంత వదలాలో ఆ మనిషికి తెలుసు. ఏళ్ళ తరబడి పరుగెత్తే బస్సుల్లోని వాళ్ళ కోసం గోడలు రాసినవాడికి తెలుస్తుంది. తాహిర్ ఎప్పుడూ జానెడు దూరంలో ముక్కు పెట్టి రాశాడు.

టీ చల్లారిపోయింది.

పక్కన బెంచీ మీద ఒక లారీ డ్రైవరు గ్లాసు ఊపుకుంటూ అటే చూస్తున్నాడు. "తాహిర్ భాయ్, వెనక తలుపు అదిరిపోయింది. నీ చెయ్యి రోజురోజుకీ పదునెక్కుతోందయ్యా. పోతూ పోతూ మంచి పని చేసి పోతన్నావ్" అన్నాడు.

అది నాది కాదు అనాలి. మూడే మాటలు. నోటిదాకా వచ్చాయి. తాహిర్ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆఁ" అని ఊరుకుని రోడ్డు దాటాడు. 

సాయంత్రం తామరపువ్వు కూడా అయిపోయింది. అప్పారావు గారు వెనక్కి వెనక్కి నడిచి తలుపు చూసి, తల ఊపారు. తర్వాత విశ్వాసం భుజం మీద చెయ్యేసి అన్నారు: "కింద మూలన పేరు రాసెయ్యండి. తాహిర్, గూడెం అని."

విశ్వాసం బ్రష్షు తుడుస్తూ ఆగాడు. తాహిర్ కూడా ఆగాడు.

"ఆవిడ తాహిర్ పని అని అడిగింది. మన షెడ్డంటే తాహిర్ పేరే జనానికి తెలుసు. కొత్త పేరు పెడితే బేరాలు తగ్గుతాయి. ఇక మీదట కూడా అదే పేరు ఉండనిద్దాం విశ్వాసం గారూ. పేరుదేముంది, పని మీకు దొరికింది" అని అప్పారావు గారు తాహిర్ వైపు తిరిగి నవ్వారు. "చూశావా, నువ్వెళ్ళినా నీ పేరు పోదు. సంతోషమేగా?"

సంతోషమే. నిజంగానే ఒక్క క్షణం ఒళ్ళంతా పాకింది. తను మండవల్లిలో మేత బస్తాల మధ్య కూర్చున్నా ఇక్కణ్ణుంచి కలకత్తా దాకా లారీల మీద తన పేరు తిరుగుతూనే ఉంటుంది. ఈ మనిషి ఎంత బాగా రాస్తే తనకి అంత పేరు. ఇంతకంటే పగ తీరడం ఏముంటుంది?

"అలాగేనండి" అన్నాడు విశ్వాసం. నేల మీద గొంతుక్కూర్చుని, సన్న బ్రష్షు తీసుకుని, తలుపు మూలన తాహిర్ అని రాశాడు. హి మీద గుడిని చిన్నగా, చందమామ వంపులా తిప్పాడు. తాహిర్ తన పేరుని వందల లారీల మీద రాసుకున్నాడు. అంత అందంగా ఒక్కసారీ రాసుకోలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ సంతోషం పాలు విరిగినట్టు విరిగిపోయింది.

గురువారం అతని ఆఖరి రోజు. సామాన్లు ఎక్కించిన వ్యాను మధ్యాహ్నం షెడ్డు దగ్గరికే వచ్చింది. అప్పారావు గారు పూతరేకులు తెప్పించి అందరికీ పంచారు. తాహిర్‌కి ఒక శాలువా కప్పారు. సాబిరా ఆలియాని చెయ్యి పట్టుకుని దిగింది. ఇన్నేళ్ళలో ఆమె షెడ్డుకి వచ్చింది ఒకటి రెండుసార్లే. అప్పటికే రత్నమాణిక్యం గారు కూడా వచ్చి బండి చూసుకుంటోంది.

సాబిరా లారీ ముందు నుంచి నడిచి వెనక్కి వచ్చింది. వెనక తలుపు దగ్గర నిలబడిపోయింది. కొంగు సర్దుకుని రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూసింది. మూలన పేరు చదివింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏవండీ" అంది, చుట్టూ మనుషులున్నారని కూడా మరిచిపోయి. "మీరు రాసిన వాటన్నిటిలోకీ ఇదే బావుంది. ఇంత బాగా రాసేవాళ్ళని తీసుకుపోయి బస్తాల దగ్గర కూర్చోబెడుతున్నానండీ నేను."

విశ్వాసం అక్కడే ఉన్నాడు. డబ్బాల మూతలు బిగిస్తున్నాడు. తలెత్తలేదు. ఒక మూత బిగిసినా ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

తాహిర్‌కి చెవుల్లో హోరు మొదలైంది. పెళ్ళయినప్పటి నుంచి సాబిరా అతని రాత చూసి బావుంది అనేది, పిల్లాడి బొమ్మని బావుంది అన్నట్టు. కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆ నీళ్ళు విశ్వాసానివి. తన భార్య కంట్లోంచి, తన పేరు మీదుగా, ఇంకొకడి రాత కోసం వచ్చిన నీళ్ళు! ఈ పేరు ఈ మూలన ఉన్నంతకాలం ఎవరో ఒకరు, ఏదో ఒక దారిలో, దాని కింద నిలబడి ఇలాగే అంటారు. అంటున్న ప్రతిసారీ తను దొంగ. దొంగే కాదు, తక్కువ. అది ఓర్చుకోవడం తన వల్ల కాదు.

శాలువా తీసి లారీ చక్రం మీద పడేశాడు. విశ్వాసం ముందున్న డబ్బాల్లోంచి తలుపు రంగు డబ్బా లాక్కుని, మూత తీసి, నేల మీద కూర్చుని, తాహిర్, గూడెం అన్న అక్షరాల మీద అడ్డంగా బ్రష్షు లాగాడు. ఒకసారి, ఇంకోసారి.

"ఏంటయ్యా అది! ఏం చేస్తున్నావ్?" అప్పారావు గారు పరుగున వచ్చారు.

 తాహిర్ రంగు కొంచెం ఆరేదాకా నోటితో ఊదాడు. తెల్లరంగు సన్న బ్రష్షుకి పట్టించి, ఆ పక్క ఖాళీలో విశ్వాసం, పెంటపాడు అని రాశాడు. తొందరలో శ్వా మీద దీర్ఘం కొంచెం పక్కకి పోయింది. దిద్దలేదు.

షెడ్డులో వెల్డింగ్ కూడా ఆగింది.

"మరి నాకు తాహిర్ పని అన్నారు?" అంది రత్నమాణిక్యం గారు.

"ముందు బోర్డు నాదండి. ఇది ఈయనది. మొత్తం ఈయనదే" అన్నాడు తాహిర్, నేల చూస్తూ.

ఆవిడ తలుపు వైపు ఒకసారి, అప్పారావు గారి వైపు ఒకసారి చూసింది. "రాసినవాడి పేరే ఉండనివ్వండి. అమ్మవారి పేరు పక్కన అబద్ధం ఎందుకు?" అని బండి తాళాల కోసం చెయ్యి చాపింది. అప్పారావు గారు తాహిర్ వీపు తట్టారు. "నీ మనసు గొప్పదయ్యా" అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. సాబిరా సంగతి అర్థమై, నాలిక కరుచుకుని, భర్తని ఏదో కొత్త మనిషిని చూసినట్టు గర్వంగా చూస్తోంది. ఆ చూపు అతనికి శాలువా కంటే బరువుగా ఉంది. ఇది మంచితనం కాదు, మీకెవరికీ తెలీదు అని అరవాలనిపించింది.

వ్యాను హారన్ కొట్టింది. తాహిర్ తన బ్రష్షులు గుడ్డలో చుట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి విశ్వాసం అక్కడ చెప్పులు తొడుక్కుంటున్నాడు, రోడ్డుదాకా సాగనంపడానికి. ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు.

"దణ్ణం పెట్టకండి నాకు" అన్నాడు తాహిర్, ఆ చేతులు కలవబోవడం చూసి. "మీ కోసం చేసింది కాదది."

"తెలుసండి" అన్నాడు విశ్వాసం.

తాహిర్ ఆగాడు.

"మీ పేరు కింద నా రాత ఉంటే మీకు అన్నం సయించదు. నాకైనా సయించదండి. నిన్న మీ పేరు రాసేటప్పుడు చెయ్యి కొరుక్కోవాలనిపించింది. వాచ్‌మన్ పనికి మళ్ళీ పోలేక ఊరుకున్నాను." విశ్వాసం రోడ్డు మీద లారీ వైపు తిరిగాడు. డ్రైవరు దాన్ని బయటికి తీస్తున్నాడు. "కానీ తాహిర్ గారూ, ఆ శ్రీ ఉంది చూశారూ... మొన్న మీరు నిచ్చెన మీద అది తిప్పుతుంటే కింద నేను తలుపు రుద్దుతున్నట్టు నటించానండి. చూశాను. రెండ్రోజుల్నుంచి ఇంటికెళ్ళి నేల మీద సుద్దతో తిప్పుతన్నాను. రాటల్లేదు. ఆ రావత్తు ఆ వంపు తిరగట్లేదండి నాకు. కడుపు మండిపోతంది. మీరు ఎప్పుడు వెళ్ళిపోతారా అనుకున్నాను, నిజం చెప్తున్నాను."

తాహిర్ అతని ముఖంలోకి చూశాడు. వినయం లేదక్కడ. ఎర్రబడ్డ కళ్ళు, బిగిసిన దవడ. ఈ నాలుగు రోజులూ షేవింగ్ అద్దంలో చూసుకున్న ముఖంలాగే ఉంది.

"రాదు" అన్నాడు తాహిర్ మెల్లగా. "నాకే ఎప్పుడో గానీ రాదు."

"మరేనండి. వచ్చేదాకా తిప్పుతాను" అన్నాడు విశ్వాసం. చేతులు జోడించలేదు. తల ఒక్కసారి ఊపి, గిరుక్కున తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

వ్యానులో డ్రైవరు పక్కన సాబిరా, ఆమె పక్కన తాహిర్, ఒళ్ళో ఆలియా.  రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాక సాబిరా మెల్లగా అతని మోచెయ్యి తాకింది.

"నన్ను క్షమించండి. తెలీక అనేశాను. ఆయనేమన్నారు మీతో? చాలా సేపు నిలబెట్టేశారు. ఏడ్చారా పాపం?"

"లేదు."

"మరి?"

తాహిర్ కిటికీలోంచి చూస్తూ, ఒళ్ళో ఉన్న కూతురి అరచెయ్యి విప్పి, దాని మీద చూపుడు వేలితో ఏదో గుండ్రంగా తిప్పాడు. పిల్ల చక్కిలిగింతకి కిలకిలమని మెలికలు తిరిగింది.

"నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడట సాబిరా" అన్నాడు.  "నా శ్రీ చూసి."